కదిలే బొమ్మల్లో జ్యామితి: ఏ సిద్ధాంతానికి కదలిక కావాలి?

వృత్తరేఖ

అందరికీ నమస్కారం. జ్యామితి చరిత్రను చిన్న యానిమేషన్లుగా చేసే పని మొదలుపెట్టాను. ఒక్కొక్కటి రెండు మూడు నిమిషాలు. మాట తక్కువ, బొమ్మ ఎక్కువ. మొదటిదానికి ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ రాసిన ‘ఎలిమెంట్స్’ ప్రథమ గ్రంథంలోని 47వ ప్రతిపాదన తీసుకున్నాను. బడిలో పైథాగరస్ సిద్ధాంతం అని అందరమూ చదువుకున్నదే.

ఆ పటాన్ని అచ్చులో చూస్తే గీతల మీద గీతలు. ఏది ఎందుకు గీశారో తేల్చుకోవడానికే చాలాసేపు పడుతుంది. దాన్నే కదిలిస్తే పరిస్థితి వేరు. లంబకోణ త్రిభుజంలో ఒక భుజం మీది చతురస్రాన్ని తీసుకుని, ఒక అంచును కదలకుండా ఉంచి, ఎదుటి అంచును దాని గీత వెంబడే జరిపాను. చతురస్రం వాలి సమాంతర చతుర్భుజమైంది. భూమి అదే, ఎత్తు అదే, కాబట్టి వైశాల్యం మారలేదు. దాన్ని 90 డిగ్రీలు తిప్పి మరోసారి అలాగే జరిపితే, కర్ణం మీది చతురస్రంలో ఒక పక్క దీర్ఘచతురస్రంగా ఒదిగిపోయింది. రెండో భుజం మీది చతురస్రం మిగిలిన చోటును నింపేసింది. యూక్లిడ్ పటంలో లంబకోణ శీర్షం నుంచి కర్ణం మీదుగా కిందికి దిగే ఆ ఒంటరి గీత ఎందుకుందో అప్పుడు కళ్లకు కడుతుంది. రెండు దీర్ఘచతురస్రాల మధ్య సరిహద్దు అది.

ఇక నా ప్రశ్న. కదలిక వల్ల నిజంగా మేలు జరిగే సిద్ధాంతాలు ఏవి? ఏవి నిలిచిన పటంలోనే బాగుంటాయి? కేవలం అలంకారంగా తిరిగే బొమ్మలు చేయాలని లేదు.

లంబపాదం

మంచి ప్రారంభం. ఒక్క సూచన. ‘భూమి అదే, ఎత్తు అదే, కాబట్టి వైశాల్యం అదే’ అన్న మాటే ఇక్కడ అసలు సరుకు. యూక్లిడ్ దాన్ని 35వ ప్రతిపాదనలో విడిగా నిరూపించాడు. మీ యానిమేషన్లో చతురస్రం జారుతూ పోతుంటే చూసేవారు వైశాల్యం మారలేదని మీ మాట మీద నమ్ముతారు. నమ్మడం వేరు, తెలుసుకోవడం వేరు. అందుకని జరపడానికి ముందు ఒక చిన్న ఘట్టం పెట్టండి: ఒక చివర త్రిభుజం ముక్క కోసి రెండో చివర అతికిస్తే సమాంతర చతుర్భుజం వస్తుందని చూపండి. ఆ తరువాత ఎంత జరిపినా ఎవరికీ అభ్యంతరం ఉండదు.

యూక్లిడ్ కదలికకు దూరంగా ఉండటానికి కారణం లేకపోలేదు. నాలుగో ప్రతిపాదనలోనూ ఎనిమిదో ప్రతిపాదనలోనూ మాత్రం ఒక త్రిభుజాన్ని తీసుకెళ్లి మరోదాని మీద పెట్టాడు. ఆ పనికి తరువాతి వ్యాఖ్యాతలు శతాబ్దాల పాటు నిలదీస్తూనే వచ్చారు. ఆకారం మారకుండా ఒక బొమ్మను మోసుకెళ్లవచ్చని ఏ స్వీకృతంలో (నిరూపణ లేకుండా ముందే ఒప్పుకునే నియమంలో) చెప్పావు అని.

చక్రవాళం

లంబపాదం గారూ, మొదటి గ్రంథం వరకు మీ మాట ఒప్పుకుంటాను. పదకొండో గ్రంథం తెరవండి. గోళం అంటే ఏమిటి? అర్ధవృత్తాన్ని దాని వ్యాసం చుట్టూ తిప్పితే వచ్చేది. శంకువు? లంబకోణ త్రిభుజాన్ని ఒక భుజం చుట్టూ తిప్పితే వచ్చేది. స్థూపం? దీర్ఘచతురస్రాన్ని ఒక భుజం చుట్టూ తిప్పితే వచ్చేది. ఇవి యూక్లిడ్ ఇచ్చిన నిర్వచనాలే. కేంద్రం నుంచి సమదూరంలో ఉండే బిందువుల సముదాయం అని గోళాన్ని నిర్వచించే వీలుండి కూడా ఆయన తిప్పడాన్నే ఎంచుకున్నాడు. ఆ మూడు నిర్వచనాలే మూడు యానిమేషన్లు.

ఇంకొంచెం వెనక్కి వెళితే యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాలున్నాయి. నాకు వీటి మీద మమకారం ఎక్కువ, కాబట్టి కాస్త నిడివిగా రాస్తాను. యజ్ఞవేదిక ఆకారం మారవచ్చు, వైశాల్యం మాత్రం చెప్పినంతే ఉండాలి. డేగ ఆకారంలో కట్టే వేదికకు మొదటిసారి ఏడున్నర చదరపు పురుషల (పురుష ఆనాటి పొడవు కొలత) వైశాల్యం కావాలి. ఈ నియమం వల్ల పుట్టిన గణితం అంతా ఒక ఆకారాన్ని వైశాల్యం చెడకుండా మరో ఆకారంగా మార్చడమే. పనిముట్లు తాడు, మేకులు.

శుల్బసూత్రకారుల్లో ఒకడైన బౌధాయనుడు దీర్ఘచతురస్రాన్ని చతురస్రంగా మార్చే పద్ధతి చూడండి. పొడవులోంచి వెడల్పుకు సమానమైనంత మేర చతురస్రం వదిలేయాలి. మిగిలిన ముక్కను నిలువునా రెండుగా కోసి, ఒక సగాన్ని తీసి పక్క అంచుకు తిప్పి పెట్టాలి. ఇప్పుడు ఒక మూల చిన్న చతురస్రం మేర ఖాళీ ఉన్న పెద్ద చతురస్రం వస్తుంది. పెద్దదానిలోంచి ఆ చిన్నదాన్ని తీసివేయడానికి తాడును కర్ణంగా వాడాలి. అంటే పైథాగరస్ సిద్ధాంతాన్ని కూడికకు కాక తీసివేతకు వాడటం. ఈ పద్ధతిని మాటల్లో చదివితే రెండు మూడు సార్లు తిరగేయాలి. కదిలే బొమ్మలో ఒక్క ముక్క జరిగి తిరిగితే చాలు, అర్థమైపోతుంది. వృత్తరేఖ గారూ, ఇది మీ రెండో యానిమేషన్ కావాలని నా కోరిక.

పిక్సెల్ మిత్రుడు

నేను గణితం చదివినవాణ్ణి కాను, బొమ్మలు కదిలించడమే వృత్తి. పై మాటలు చదువుతుంటే నా వైపు నుంచి ఒకటి చెప్పాలనిపించింది. తెర మీద ఒకేసారి మూడు వస్తువులు కదిలితే కన్ను దేనినీ పట్టుకోలేదు. ఒకటి కదలాలి, మిగతావి నిలబడాలి. జ్యామితిలో అయితే నిలబడినదే కథానాయకుడు. మీ మొదటి బొమ్మలో కదలకుండా ఉంచిన అంచుకు ముదురు రంగు ఇవ్వండి. ఎదుటి అంచు జారే గీతను పలుచగా ముందే గీసి ఉంచండి. అది ఆ గీత దాటి పోవడం లేదని కన్ను తానే కనిపెడుతుంది.

రంగుల విషయంలో మనకంటే ముందు నడిచినవారున్నారు. 1847లో ఆలివర్ బైర్న్ యూక్లిడ్ మొదటి ఆరు గ్రంథాలను ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో అచ్చు వేయించాడు. కోణానికి పేరు పెట్టి ‘ఏబీసీ కోణం’ అనడానికి బదులు వాక్యం మధ్యలోనే ఆ రంగు కోణం బొమ్మ పెట్టాడు. ఆ పుటలు ఇవాళ చూసినా కదలబోతున్నట్టే ఉంటాయి.

ఇంకో మాట. కదలిక ముగిశాక కనీసం మూడు నాలుగు సెకన్లు ఏమీ జరగకూడదు. చాలామంది అక్కడే తొందరపడతారు. చూసినవారు ఆలోచించేది ఆ విరామంలోనే.

శంకుచ్ఛేదం

కదలిక లేకపోతే అన్యాయం జరిగే సిద్ధాంతం ఒకటి చెబుతాను. డాండెలిన్ గోళాలు.

శంకువును వాలుగా తలంతో కోస్తే దీర్ఘవృత్తం వస్తుంది. మరోవైపు, రెండు మేకులకు దారం కట్టి పెన్సిల్‌తో బిగించి తిప్పినా దీర్ఘవృత్తమే వస్తుంది. ఈ రెండూ ఒకటే ఎలా అయ్యాయి? క్రీ.పూ. 200 ప్రాంతంలో గ్రీకు గణితజ్ఞుడు అపొలోనియస్ శంకుచ్ఛేదాల (శంకువును కోస్తే వచ్చే వక్రాల) మీద ఎనిమిది గ్రంథాలు రాశాడు, మూడో గ్రంథంలో నాభుల నుంచి, అంటే ఆ రెండు మేకుల చోట్ల నుంచి, దూరాల మొత్తం స్థిరమని నిరూపించాడు కూడా. కానీ దారి పొడవైనది. 1822లో డాండెలిన్ చూపిన దారి ఎంత పొట్టిదో చూడండి.

శంకువు లోపల కోసిన తలానికి పైన ఒక గోళం, కింద ఒక గోళం పెట్టండి. రెండూ శంకువును ఒక్కో వృత్తం వెంబడి తాకాలి, తలాన్ని ఒక్కో బిందువు దగ్గర తాకాలి. ఆ రెండు బిందువులే నాభులు. ఇప్పుడు దీర్ఘవృత్తం మీద ఒక బిందువు తీసుకోండి. దాని నుంచి పై నాభికి గీసిన గీత పై గోళానికి స్పర్శరేఖ. దాని నుంచి శంకువు గోడ వెంబడి పైకి, గోళం తాకిన వృత్తం దాకా వెళ్లే గీత కూడా అదే గోళానికి స్పర్శరేఖ. ఒకే బిందువు నుంచి గోళానికి గీసిన స్పర్శరేఖలన్నీ సమానం. కింది గోళానికీ ఇదే వరస. కాబట్టి రెండు నాభులకు దూరాల మొత్తం అంటే శంకువు గోడ మీద ఒక వృత్తం నుంచి మరో వృత్తం దాకా ఉన్న పొడవు. అది ఎక్కడ కొలిచినా ఒకటే.

యానిమేషన్లో ఆ బిందువును దీర్ఘవృత్తం చుట్టూ నడిపించండి. నాభులకు వెళ్లే రెండు గీతలు పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. గోడ మీది గీత మాత్రం పొడవు మారకుండా శంకువు చుట్టూ తిరుగుతుంది. రెండు జతలకూ అవే రెండు రంగులు వేయండి. మాట అక్కర్లేదు.

దీని తరువాత వచ్చేదే నాకు మరీ ఇష్టం. కోసే తలాన్ని మెల్లగా ఇంకా వాల్చుతూ పోండి. కింది గోళం పెరుగుతూ దూరంగా జరిగిపోతుంది. తలం శంకువు గోడకు సమాంతరమైన క్షణాన అది అనంతానికి వెళ్లిపోయి పరావలయం మిగులుతుంది. మరి కొంచెం వాల్చితే అది శంకువు శిఖరానికి అవతల, ఎదుటి శంకువులో ప్రత్యక్షమవుతుంది. ఇప్పుడున్నది అతిపరావలయం. పాఠ్యపుస్తకాలు మూడు అధ్యాయాలుగా చెప్పే మూడు వక్రాలు ఒకే కదలికలో మూడు మజిలీలు.

లంబపాదం

శంకుచ్ఛేదం గారి ఉదాహరణ అద్భుతం. అందులో కదలికతో పాటు కారణం కూడా కనబడుతుంది. కారణం కనబడని కదలిక ఎంత దూరం తప్పుదారి పట్టించగలదో కూడా ఇక్కడ నమోదు చేయాలి.

గోళం ఉపరితల వైశాల్యం కనుక్కోవాలి. ఒక ధ్రువం నుంచి మరో ధ్రువానికి సన్నని పట్టీలుగా కోసి పరిచాం. ప్రతి పట్టీ మధ్యలో వెడల్పుగా, రెండు చివర్లా మొనదేలి ఉంటుంది. మధ్యరేఖ దగ్గర అన్ని పట్టీల వెడల్పు కలిపితే చుట్టుకొలత 2πr. ఎత్తు πr. ప్రతి పట్టీ రెండు త్రిభుజాల్లా ఉంది కదా అనుకుంటే మొత్తం వైశాల్యం π²r² అని వస్తుంది, అంటే సుమారు 9.87r². నిజమైన విలువ 4πr², సుమారు 12.57r². తేడా చిన్నదేమీ కాదు. పట్టీలు ఎంత సన్నగా కోసినా ఈ తేడా పోదు, ఎందుకంటే వాటి అంచులు సరళరేఖలు కావు, బయటికి ఉబ్బి ఉంటాయి. పట్టీ సన్నబడేకొద్దీ ఆ ఉబ్బు కంటికి ఆనదు. అందంగా చేసిన యానిమేషన్ ఈ తప్పుడు ఫలితాన్ని వెయ్యిమంది చేత ఒప్పించగలదు.

వృత్తం చుట్టూ చతురస్రం గీసి, మూలలను మెట్లుమెట్లుగా లోపలికి మడుస్తూ పోయి π విలువ 4 అని తేల్చే బొమ్మ కూడా ఈ కోవలోదే. దీనికి సమాధానం ఆర్కిమెడిస్ దగ్గర ముందే ఉంది. గోళం, స్థూపాల మీద రాసిన గ్రంథంలో ఆయన ఒక విషయాన్ని నిరూపించకుండా, స్పష్టంగా స్వీకృతంగా పెట్టాడు: ఒకే చివరలు కలిగి, ఒకే వైపుకు వంగిన రెండు వక్రాల్లో ఒకటి రెండోదాన్ని చుట్టి ఉంటే బయటిదే పొడవు. మెట్ల గీత అడుగడుగునా లోపలికీ బయటికీ మలుపు తిరుగుతుంది, కాబట్టి ఆ నియమం కిందికి రాదు. ఆయన 96 భుజాల బహుభుజులతో లోపలి నుంచీ బయటి నుంచీ బిగించుకుంటూ వచ్చి, π విలువ 3 10/71 కంటే ఎక్కువ, 3 1/7 కంటే తక్కువ అని నిలబెట్టాడు. రెండు వైపులా హద్దు కట్టడమే ఆయన పద్ధతిలోని నిజాయతీ. మీ యానిమేషన్లోనూ రెండు బహుభుజులూ కనబడాలి, లోపలిది ఒక్కటే చాలదు.

వృత్తరేఖ

లంబపాదం గారూ, ఆ పట్టీల ఉదాహరణను ఒక పూర్తి భాగంగా చేస్తాను. ముందు π²r² దాకా తీసుకెళ్లి, అక్కడ ఆపి, ఒక్క పట్టీని పెద్దది చేసి ఉబ్బిన అంచును సరళరేఖ పక్కన పెడతాను.

ఆ వెంటనే ఆర్కిమెడిస్ ఫలితం. గోళం చుట్టూ సరిగ్గా తాకేలా స్థూపం. గోళం మీద అడ్డంగా ఒక సన్నని పట్టీ తీసుకుని అడ్డంగానే బయటికి, స్థూపం గోడ మీదికి జరుపుతాను. ధ్రువం వైపు వెళ్లేకొద్దీ పట్టీ చుట్టుకొలత తగ్గుతుంది, కానీ దాని వాలు పెరుగుతుంది. తగ్గినదీ పెరిగినదీ సరిగ్గా ఒకే నిష్పత్తిలో ఉండటం వల్ల గోడ మీది పట్టీ వైశాల్యం గోళం మీది దానితో సమానం. అన్నీ చేరితే గోడ మొత్తం నిండుతుంది: 2πr చుట్టుకొలత, 2r ఎత్తు, 4πr². గోళం, స్థూపం బొమ్మను తన సమాధి మీద చెక్కించాలని ఆర్కిమెడిస్ కోరాడని చెబుతారు. క్రీ.పూ. 75లో రోమన్ వక్త సిసిరో సిసిలీలో అధికారిగా ఉన్నప్పుడు, తుప్పల మధ్య మరుగున పడిన ఆ సమాధిని ఆ బొమ్మను బట్టే గుర్తుపట్టానని రాసుకున్నాడు.

చక్రవాళం

గోళం దాకా వచ్చారు కాబట్టి భాస్కరాచార్యుణ్ణి వదలకండి. లీలావతిలో ఆయన వృత్త వైశాల్యానికి నాలుగు రెట్లు గోళం ఉపరితలం అని చెబుతూ, బంతి చుట్టూ అల్లిన వలలా అంటాడు. ఘనపరిమాణానికి తన సిద్ధాంతశిరోమణి గ్రంథం వ్యాఖ్యలో ఇచ్చిన ఉపపత్తి (నిరూపణ) యానిమేషన్ కోసమే పుట్టినట్టుంటుంది. ఉపరితలాన్ని చిన్న చిన్న గళ్లుగా విభజించండి. ప్రతి గడి నుంచి గోళ కేంద్రానికి మొన దిగేలా ఒక సూది. ప్రతి సూదీ ఒక పిరమిడ్. దాని ఘనపరిమాణం భూమి వైశాల్యం, ఎత్తుల లబ్ధంలో మూడో వంతు. ఎత్తు అన్నిటికీ వ్యాసార్ధమే. సూదులన్నీ కలిపితే ఉపరితలం × వ్యాసార్ధం / 3. గోళం విచ్చుకుని సూదులు నేల మీద వరుసగా నిలబడటం ఊహించండి.

సమతలం

గణితం బోధిస్తాను. చాలా రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను. నిలిచిన పటంలోనే బాగుండేవి ఏవని మొదట్లో అడిగారు, దానికి ఎవరూ జవాబివ్వలేదు.

యేల్ విశ్వవిద్యాలయం దగ్గర ఉన్న బాబిలోనియా మట్టిపలక ఒకటి. అరచేతిలో పట్టేంత. ఒక చతురస్రం, రెండు కర్ణాలు, మూడు చోట్ల అంకెలు. కర్ణం మీద అరవై ఆధారంగా రాసిన సంఖ్య 1, 24, 51, 10. మన దశాంశాల్లో 1.414213 దగ్గర, అంటే రెండు వర్గమూలం దాదాపు మిలియనో వంతు దాకా సరి. దాన్ని కదిలించకండి. దగ్గరికి తీసుకెళ్లి ఆగితే చాలు.

బోధన గురించి రెండు మాటలు. కంప్యూటర్లకు ముందే స్విట్జర్లాండ్ ఉపాధ్యాయుడు జీన్ లూయీ నికోలే చేతితో గీసి జ్యామితి యానిమేషన్ చిత్రాలు తీశాడు. అందులో మాట లేదు, సంగీతం లేదు. గణిత బోధకుడు కలేబ్ గాటెగ్నో వాటిని వాడిన పద్ధతి నేను ఇప్పటికీ అనుసరిస్తున్నాను: చిత్రం చూపించి, తెర ఆపేసి, ఏం చూశారో చెప్పమనడం. పిల్లల జవాబులు ఒకరివి ఒకరికి పొసగవు. అక్కడ వాదన మొదలవుతుంది, వాదనలోంచి నిరూపణ అవసరం పుడుతుంది. మీ యానిమేషన్లకు వ్యాఖ్యానం లేని ప్రతి కూడా ఒకటి ఇవ్వండి, దయచేసి.

పిక్సెల్ మిత్రుడు

యంత్రాలకు సంబంధించినవి ఏవైనా ఉన్నాయా? కదలడమే వాటి పని కదా.

శంకుచ్ఛేదం

రెండున్నాయి. 13వ శతాబ్దంలో పారశీక ఖగోళవేత్త నసీరుద్దీన్ తూసీ చూపినది: పెద్ద వృత్తం లోపల, దానిలో సగం వ్యాసం గల చిన్న వృత్తం దొర్లుతుంటే, చిన్నదాని అంచు మీది బిందువు ముందుకూ వెనక్కూ సరళరేఖలో నడుస్తుంది. రెండు గుండ్రని కదలికల నుంచి ఒక తిన్నని కదలిక. గ్రహాల గతుల కోసం ఆయన దీన్ని కల్పించాడు, 1543లో అచ్చయిన కోపర్నికస్ గ్రంథంలోనూ ఇదే ఉపాయం ఉంది. కారణం యూక్లిడ్ మూడో గ్రంథంలోనిదే, కేంద్రం దగ్గరి కోణం పరిధి దగ్గరి కోణానికి రెట్టింపు అన్నది.

రెండోది కడ్డీలతో. 1784లో జేమ్స్ వాట్ కీలు కడ్డీలతో దాదాపు తిన్నని గీత సాధించాడు. ‘దాదాపు’ పోయి కచ్చితమైన గీత రావడానికి 1864లో ఫ్రెంచి ఇంజనీరు పోసెల్యే దాకా ఆగాల్సి వచ్చింది. ఏడు కడ్డీలు చాలు. వృత్తాన్ని సరళరేఖగా మార్చే విలోమ పరివర్తన ఆ కడ్డీల్లో దాగి ఉంది.

సమతలం

గోళాన్ని చింపకుండా, మడత పడనీయకుండా లోపలిది బయటికి తిప్పడం కూడా చేర్చండి. ఉపరితలం తనలోంచి తాను దాటిపోవచ్చు, అంతవరకే అనుమతి. ఇది సాధ్యమని 1950ల చివర స్టీఫెన్ స్మేల్ నిరూపించాడు, కానీ ఎలా జరుగుతుందో ఎవరి కంటికీ కనబడలేదు. దాన్ని మెట్టుమెట్టుగా ఊహించినవారిలో ముఖ్యుడు బెర్నార్ మోరాన్. ఆయన చిన్నతనంలోనే చూపు కోల్పోయారు. ఆయన చెప్పిన దశలను చార్లెస్ పగ్ తీగవలతో నమూనాలుగా చేశాడు. వాటి కొలతలు తీసుకుని నెల్సన్ మాక్స్ 1976లో కంప్యూటర్ యానిమేషన్ పూర్తి చేశాడు. ఈ చిత్రం గురించి తరగతిలో చెప్పేటప్పుడు మోరాన్ పేరు చెప్పకుండా ఎప్పుడూ ముగించను.

లంబపాదం

నా వంతుగా ఒకటి. నెపోలియన్ సైన్యంలోని పోన్‌సెలే 1812 దండయాత్రలో బందీ అయి, రష్యాలోని సరాటోవ్‌లో పుస్తకాలేవీ లేకుండా జ్ఞాపకం మీదే జ్యామితిని తిరిగి కట్టుకున్నాడు. ఆ కృషి 1822లో గ్రంథమైంది. ఆయన పేరుతో ఉన్న సిద్ధాంతం ఇది: ఒక వృత్తం లోపల మరో వృత్తం. బయటిదాని మీద ఒక బిందువు నుంచి లోపలిదాన్ని తాకుతూ గీత గీసి, బయటి వృత్తాన్ని చేరిన చోటి నుంచి మళ్లీ అలాగే గీస్తూ పోవాలి. మూడు గీతల తరువాత బయలుదేరిన చోటికే చేరితే, ఎక్కడ మొదలుపెట్టినా మూడింటికే చేరుతుంది. ఎన్ని గీతలకైనా, వృత్తాల బదులు శంకుచ్ఛేదాలకైనా ఇదే వర్తిస్తుంది.

త్రిభుజానికి షరతు d² = R(R − 2r). ఇందులో R బయటి వృత్తం వ్యాసార్ధం, r లోపలిదాని వ్యాసార్ధం, d కేంద్రాల మధ్య దూరం. పూర్ణాంకాలతో కావాలంటే R = 9, r = 4, కేంద్రాల మధ్య దూరం 3. మొదటి శీర్షాన్ని తిప్పండి, త్రిభుజం ఆకారం మారుతూ తిరుగుతుంది, ఎక్కడా విడిపోదు.

వృత్తరేఖ

జియోజిబ్రా అనే జ్యామితి సాఫ్ట్‌వేర్‌లో ఇప్పుడే వేశాను. ఎంతసేపు తిప్పినా తనివి తీరడం లేదు. లోపలి వృత్తం వ్యాసార్ధాన్ని 4 నుంచి 4.1 చేయగానే మూడో గీత శీర్షాన్ని తప్పిపోతోంది. ఆ చిన్న ఖాళీని కూడా యానిమేషన్లో చూపాలి. చతుర్భుజానికి కూడా పూర్ణాంకాలు దొరుకుతాయా?

చక్రవాళం

దొరుకుతాయి. గణితజ్ఞుడు నికొలస్ ఫుస్ ఇచ్చిన షరతు: 1/(R − d)² + 1/(R + d)² = 1/r². R = 35, d = 5, r = 24 పెట్టండి. 1/900 + 1/1600 = 1/576, సరిపోయింది. బయటి వృత్తం మీది బిందువును చూసేవారే జరుపుకునేలా వదిలేయండి. అదనంగా, లోపలి వృత్తాన్ని చతుర్భుజం భుజాలు తాకే నాలుగు బిందువుల్లో ఎదురెదురువి కలిపి చూడండి. ఆ రెండు గీతలూ ఎప్పుడూ లంబంగానే ఉంటాయి.